తరుగు

ముత్తుకూరు రోడ్డులో మాది అరవై టన్నుల కాటా.
లారీ ఎక్కగానే ఇనప పలక ఊపిరి బిగబడుతుంది,
ఎర్ర అంకెలు కాసేపు తత్తరపడి
ఓ చోట కుదురుకుంటాయి.
చీటీ చించి ఇస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.

నెలనెలా పదిహేనో తారీఖున
గోడ మీది టీవీలో దేశాన్ని కాటా ఎక్కిస్తారు.
సరుకుల్లో ఇంత లోటు, సేవల్లో ఇంత మిగులు,
అందులోంచి ఇది తీసేస్తే ఇంత.
చదివే అమ్మాయి గొంతు
అరిగిన టైరంత నున్నగా ఉంటుంది.

లోటంటే మా పేటలో వేరే.
పోయినోళ్ల ఫ్లెక్సీ మీద, దండ కింద రాసే మాట.

సరుకుల లెక్క నాకు టీవీ కంటే ముందే తెలుసు.
గొప్ప చెప్పుకోవడం కాదు,
కిటికీ కాడ కూర్చున్నోడికి తెలవకుండా ఎట్టా ఉంటుంది?
రేవు నుంచి వచ్చేవి నల్లగా వస్తాయి.
ఏ దీవిలోనో తవ్విన బొగ్గు
పట్టా కింద నుంచి రాలతా రాలతా
నా టీ గ్లాసులోకి కూడా దిగుమతి అవుతుంది.
వెనకాలే వంటనూనె ట్యాంకర్లు.
మా ఇంట్లో గారె వేగేది
మాకు నోరు తిరగని ఊరి నూనెలో.

రేవుకి పోయేవి చీమకుర్తి రాళ్లు.
లారీకి ఒకటే రాయి, ఏనుగు పడుకున్నట్టు.
నాయబ్ రసూల్ దాని మీద నీళ్లు చల్లి చూపించాడోసారి,
నలుపులో సన్నటి బంగారు చుక్కలు.
"రాత్రిని కోసి అమ్ముతుండాం సామీ" అన్నాడు.
కోసిన చోట గుంట మిగిలింది,
నాలుగు తాటిచెట్ల లోతు.
దాన్ని ఏ కాలమ్ కింద రాస్తారో
ఇంతవరకూ టీవీలో చెప్పలేదు.

మార్తమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది, కిలోకి ఇంతని.
మంచులో నాని నాని ఆ వేళ్లకి
అన్నం వేడి కూడా ఆలస్యంగా తెలుస్తుంది.
ఈ నెల నాలుగు రోజులే పిలిచారు.
సముద్రం అవతల సుంకం పెంచారంట,
నలభై కౌంటు ధర కూలిందంట,
చెరువుల కాడ చక్రాలు ఆపేశారంట.
"సుంకం ఎవురి మీద ఏసుకున్నారు?" అంది.
వాళ్ల దేశంలో కొనేవాళ్ల మీదే అన్నాను.
"మరి నా కూలికెందుకు తగిలింది?"

నాకు అంతుపట్టనిది సేవల మిగులు.
అది కాటా ఎక్కదు, దానికి పట్టా కట్టరు, దుమ్ము లేవదు.
ఆఫీసు మేడ మీద అద్దెకున్న కస్తూరి
చెవులకి తగిలించుకుని తెల్లార్లూ
ఎక్కడో డాక్టర్లు చెప్పే మాటలు టైపు కొడుతుంది.
మొన్న పొద్దున మెట్ల మీద కూర్చుని ఉంది.
"రాత్రి ఒకాయన పోయాడన్నా.
మూడు నెలల్నించీ ఆయన కాగితాలు నేనే కొడతన్నా.
టైము రాసి, చుక్క పెట్టి, పంపించేశా."
డాలర్లు వచ్చాయి గదా, మిగులే.
ఆ మెట్టు మీద కూర్చున్నది మాత్రం
ఎగుమతో, దిగుమతో.

నిన్న సాయంత్రం మార్తమ్మ క్యారేజీ తెచ్చింది.
లారీలు లేవు. సరదాకి పలక మీదకి రమ్మన్నాను.
చెప్పులు విడిచి ఎక్కింది, గుడి మెట్టెక్కినట్టు.
ఎర్ర అంకెలు ఆలోచించుకుని ఆలోచించుకుని
నలభై అన్నాయి.
"రొయ్య కౌంటే!" అని నవ్వింది.
తర్వాత, "ఆసుపత్రిలో నలభై ఎనిమిది చూపించిందే?"

ఇది పెద్ద కాటా మార్తా,
ఇరవై ఇరవై కిలోలుగానే లెక్కపెడుతుంది.
మధ్యలో ఉండేది దీనికి కనపడదు.

"మరి నా ఎనిమిది కిలోలు?"

తరుగు అన్నాను.

బొగ్గులారీ వెనక నుంచి హారన్ కొట్టింది.
చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది.